బాల్వాడి మీద పెట్టుబడి: మొరప్పూర్ చుట్టూ ఒక పరిశీలన

మూడేళ్లు నిండిన బిడ్డకు మాటలు వచ్చేస్తాయి. ఎందుకు, ఎక్కడ, ఎవరు అన్న ప్రశ్నలు పుడతాయి. తోటి పిల్లలతో కలిసి ఆడటం, ఉన్నది పంచుకోవడం, పోట్లాడి మళ్లీ కలిసిపోవడం అలవాటవుతుంది. ఒకటో తరగతిలో కూర్చునేలోపు ఇవన్నీ ఎంత బాగా ఎదిగితే ఆ పైన చదువు అంత సాఫీగా నడుస్తుంది. విద్యావేత్తలు దీన్ని పూర్వ ప్రాథమిక దశ అంటారు. తమిళనాడు పల్లెల్లో అందరూ అనే మాట బాల్వాడి. ఈ వయసు పిల్లల మీద ప్రభుత్వం ఎంత ఖర్చు పెట్టాలి, దేనిమీద పెట్టాలి అన్నది పాత ప్రశ్నే. ఒకే బాల్వాడిలో రెండు మూడు ఇంటి భాషల పిల్లలు పక్కపక్కన కూర్చునే చోట మాత్రం మరో ప్రశ్న తోడవుతుంది. ఆ ఖర్చు పిల్లవాడి దగ్గరికి ఏ భాషలో చేరాలి?

ధర్మపురి జిల్లాలోని మొరప్పూర్ ప్రాంతం ఈ ప్రశ్నను పరిశీలించడానికి తగిన చోటు. చెన్నై నుంచి జోలార్‌పేట మీదుగా సేలం వెళ్లే రైలు దారిలో ఈ ఊరు ఉంది. 1906లో ఇక్కడి నుంచి ధర్మపురికి చిన్న రైలు దారి వేశారు. 1913 నాటికి అది హోసూరు దాకా సాగింది. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1941లో మూతపడింది. ధర్మపురికి మళ్లీ రైలు దారి వేసే పనికి 2019లో శంకుస్థాపన జరిగింది. రైలు ఆగే ఊరు కాబట్టి పనులకోసం బయటికి పోయేవాళ్లూ, బయటి నుంచి వచ్చేవాళ్లూ ఇక్కడ కొత్త కాదు. బెంగళూరు కట్టడాలకు, తిరుప్పూరు బనియను కంపెనీలకు ఈ జిల్లా నుంచి ఏటా ఎన్నో కుటుంబాలు వెళ్తాయి.

భాషల సంగతికొస్తే, ఈ నేల ఒకప్పటి బారామహల్‌లో భాగం. విజయనగర రాజుల కాలం నుంచి మైసూరు సుల్తానుల దాకా, 1792 తర్వాత ఈస్టిండియా కంపెనీ దాకా పాలకులు మారుతూ వచ్చారు. వాళ్ల వెంట, కొన్నిసార్లు వాళ్లకు ముందే, రైతులు, నేతగాళ్లు, చెరువులు తవ్వి రాళ్లు కొట్టే వడ్డెరలు తరలివచ్చి స్థిరపడ్డారు. జిల్లాలో తమిళం తర్వాత ఎక్కువగా వినిపించేవి తెలుగు, కన్నడం. అరుంధతీయుల్లో చాలా కుటుంబాల ఇంటి భాష తెలుగే. అరూర్ వైపు చిత్తేరి కొండల మీద మలయాళీలు అనే గిరిజనులు ఉన్నారు. పేరు అలా ఉన్నా వాళ్లు మాట్లాడేది తమిళమే, కాకపోతే కొండ యాసతో. సిత్తిలింగి లోయలో లంబాడీ తండాలున్నాయి. అక్కడి ఆడవాళ్లు తమ కుట్టుపనిని పోర్గై పేరుతో మళ్లీ నిలబెట్టుకున్నారు. ఈ మధ్య ఇటుక బట్టీలకు, కట్టడాలకు, కోళ్ల ఫారాలకు ఉత్తరాది నుంచి వచ్చే కూలీల పిల్లలతో తమిళనాడంతటా హిందీ, ఒడియా, భోజ్‌పురి కూడా వినిపిస్తున్నాయి. 2011 జనగణనలో తమిళనాడులో తెలుగు తమ మాతృభాష అని చెప్పినవారు 42 లక్షల పైచిలుకు. అంటే రాష్ట్రంలో ప్రతి 17 మందిలో ఒకరు.

ఇదే జనగణనలో అక్షరాస్యతలో తమిళనాడు జిల్లాలన్నిటికంటే వెనక నిలిచింది ధర్మపురి. పసితనం విషయంలో ఈ జిల్లా చరిత్ర అంతకంటే బాధాకరమైనది. 2001లో ఇక్కడ ఆరేళ్ల వరకు వయసున్న మగపిల్లలు వెయ్యిమంది ఉంటే ఆడపిల్లలు 826 మందే. కన్నవాళ్లు వద్దనుకున్న ఆడశిశువును ప్రభుత్వానికి అప్పగించే ఊయల పథకం 1992లో పక్కనే సేలంలో మొదలై, 2001లో ధర్మపురికి వచ్చింది. 2011 నాటికి వెయ్యిమంది మగపిల్లలకు ఆడపిల్లల సంఖ్య 900 దాటింది. ఇలాంటి చోట చిన్నపిల్లల మీద పెట్టుబడి అన్నప్పుడు మొదటి లెక్క ప్రాణం, రెండోది తిండి, మూడోది చదువు. మొదటి రెండింటి కోసం తమిళనాడు చేసిన కృషి దేశానికే దారి చూపింది. మూడోదానికి ఇంకా చేయవలసింది చాలా ఉంది.

బాల్వాడి ఏర్పాటు ఒక్కరోజులో వచ్చింది కాదు. 1920లో గుజరాత్‌లోని భావనగర్‌లో గిజుభాయి బధేకా దక్షిణామూర్తి బాలమందిరం తెరిచారు. 1939లో మరియా మాంటిస్సోరి మద్రాసు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. గిజుభాయితో కలిసి పనిచేసిన తారాబాయి మోదక్ మాంటిస్సోరి పద్ధతిని పేదలకు అందేంత చవకగా మలిచారు. మహారాష్ట్ర తీరాన బోర్డిలో, ఆ తర్వాత కోస్బాడ్ కొండ మీద వార్లీ గిరిజన పిల్లల మధ్య ఆమె, అనుతాయి వాఘ్ పనిచేశారు. ఖరీదైన బొమ్మలకు బదులు గింజలు, గవ్వలు, ఆకులు, రాళ్లు వాడారు. పిల్లలు బడికి రాకపోతే బడే వాళ్ల వాకిట్లోకి వెళ్లింది. దేశమంతా ఇప్పుడు వాడుతున్న అంగన్‌వాడి అన్న పేరు ఆ వాకిళ్ల నుంచి వచ్చిందే. రాజమండ్రిలో పుట్టి మద్రాసులో ఆంధ్ర మహిళాసభను నిలబెట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలయ్యారు. పల్లెల్లో బాల్వాడీలు వ్యాపించడంలో ఆ మండలి పాత్ర పెద్దది.

1975 అక్టోబరు 2న, అంగన్‌వాడీల ద్వారా నడిచే సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 33 బ్లాకుల్లో మొదలైంది. ఇందులో ఆరు సేవలు: అదనపు ఆహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, పెద్దాసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య బోధన, పిల్లలకు బడికి ముందు చదువు. తమిళనాడు 1980 నుంచి ప్రపంచ బ్యాంకు సాయంతో ప్రత్యేక పోషకాహార పథకం నడిపింది. 1982 జూలై 1న ఎం.జి. రామచంద్రన్ ప్రభుత్వం రెండేళ్ల పిల్లల నుంచే మధ్యాహ్న భోజనం పెట్టడం మొదలుపెట్టింది. ఇప్పుడు రాష్ట్రంలో 54,439 అంగన్‌వాడి కేంద్రాలున్నాయి. అన్నం, గుడ్డు, సత్తుమావు అనే పోషక పిండి ఈ కేంద్రాల ద్వారా పల్లె పల్లెకూ చేరుతున్నాయి. చదువు కోసం "ఆడి పాడి విళయాడు పాప్పా" అనే పాఠ్యక్రమం ఉంది. నెలకో అంశం తీసుకుని ఆటపాటలతో, కథలతో నేర్పే మంచి పద్ధతి అది.

అయితే పద్ధతి మంచిదైనా దాన్ని నడిపించే మనిషికి తీరిక ఉండాలి. మైదాన ప్రాంతంలో నాలుగు వందల నుంచి ఎనిమిది వందల జనాభాకు ఒక కేంద్రం చొప్పున ఇస్తారు. ఒక్కో కేంద్రానికి ఒక టీచరు, ఒక ఆయా. టీచరమ్మ పిల్లల బరువు తూచాలి, ఎత్తు కొలవాలి. గర్భిణుల ఇళ్లకు వెళ్లాలి. టీకాల రోజున తల్లులను పిలుచుకురావాలి. సరుకుల లెక్క రాయాలి. 2021 నుంచి పోషణ్ ట్రాకర్ అనే ఫోను ఆప్‌లో అవన్నీ మళ్లీ ఎక్కించాలి. ఇవన్నీ కాగా మిగిలిన సమయమే పిల్లల చదువుకు. ఆరు సేవల్లో చివర రాసిన సేవ రోజులో కూడా చివరికే మిగిలిపోయింది. ఈ మాట టీచర్ల మీద నింద కాదు. ఆ పనిభారంతో ఇంతమంది పిల్లలను ఇంత శ్రద్ధగా సాకుతున్నవాళ్లు ఎంతైనా గౌరవానికి అర్హులు.

చిన్నపిల్లల చదువు మీద పెట్టిన డబ్బు తిరిగి వస్తుందా అని అర్థశాస్త్రవేత్తలు చాలాకాలంగా లెక్కలు వేస్తున్నారు. అందరూ ముందుగా చెప్పే ఉదాహరణ అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, ఇప్సిలాంటి పట్టణంలో 1962లో మొదలైన పెర్రీ ప్రీస్కూల్. పేద నల్లజాతి కుటుంబాల పిల్లలు 123 మందిని తీసుకుని 58 మందికి నాణ్యమైన ప్రీస్కూలు చదువు చెప్పారు. మిగతావారికి అది లేదు. రెండు గుంపులనూ నలభై ఏళ్ల వయసు దాకా, ఆ తర్వాత కూడా గమనిస్తూ వచ్చారు. తెలివితేటల పరీక్షల్లో మొదట కనిపించిన తేడా కొన్నేళ్లకు చెరిగిపోయింది. కానీ బడి పూర్తిచేయడంలో, సంపాదనలో, నేరాల జోలికి పోకుండా ఉండటంలో తేడా నిలిచింది. నోబెల్ బహుమతి పొందిన జేమ్స్ హెక్మన్, ఆయన సహచరులు లెక్కగట్టి ఆ ఖర్చు మీద ఏడాదికి 7 నుంచి 10 శాతం దాకా సమాజానికి రాబడి వచ్చిందని తేల్చారు. ఇందులో గమనించవలసింది పిల్లల ఓపిక, పట్టుదల, నలుగురితో మెలిగే తీరు. పరీక్ష మార్కులకు అందని గుణాలివి. మూడేళ్లకూ ఆరేళ్లకూ మధ్య బలపడేవి ముఖ్యంగా ఇవే.

మిషిగన్ లెక్క మొరప్పూర్‌కు వర్తిస్తుందా అన్న సందేహం న్యాయమైనదే. దానికి జవాబు తమిళనాడులోనే దొరికింది. అలెహాండ్రో గనిమియన్, కార్తీక్ మురళీధరన్, క్రిస్టఫర్ వాల్టర్స్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు రాష్ట్రంలోని 320 అంగన్‌వాడీలలో ఒక ప్రయోగాన్ని పరిశీలించారు. లాటరీ పద్ధతిలో ఎంపిక చేసిన కేంద్రాలకు పూటపని చేసే మనిషిని ఒకరిని అదనంగా ఇచ్చారు. ఆమె పని ఒక్కటే, పిల్లల చదువు చూడటం. కొత్త భవనం లేదు, కంప్యూటరు లేదు. ఫలితం చాలామంది ఊహించనంత గట్టిగా వచ్చింది. పిల్లలకు చదువు చెప్పే సమయం రెట్టింపైంది. ఏడాదిన్నర తర్వాత చూస్తే లెక్కల్లో, భాషలో ఆ పిల్లలు మిగతావారికంటే స్పష్టంగా ముందున్నారు. అంతకంటే విశేషం, చదువు బాధ్యత తగ్గిన పాత టీచరుకు పోషణ, ఆరోగ్యం పనికి తీరిక చిక్కింది. దాంతో ఎదుగుదల ఆగిన పిల్లల సంఖ్య, తీవ్ర పోషకాహార లోపం ఉన్న పిల్లల సంఖ్య కూడా తగ్గాయి. ఆ మనిషి మీద పెట్టిన ఖర్చుకు భవిష్యత్తులో పదమూడు నుంచి ఇరవై ఒక్క రెట్ల దాకా ప్రయోజనం ఉంటుందని వారి అంచనా. పూటపని చేసే ఒక్క మనిషి వల్ల తిండి, చదువు రెండూ బాగుపడ్డాయన్నది ఎవరూ తేలికగా తీసుకోకూడని ఫలితం. ఎక్కడ డబ్బు పెట్టాలన్న ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు మరొకటి కనిపించదు.

ఆ అదనపు మనిషి ఎవరైతే బాగుంటుంది? భాష సంగతి ఇక్కడే ముందుకొస్తుంది. ఇంట్లో తెలుగు మాత్రమే విన్న మూడేళ్ల పాప బాల్వాడికి వస్తుంది. దాహం వేస్తే నీళ్లు అంటుంది. టీచరు తణ్ణి అంటుంది. ఒకటి రెండు వారాల్లో ఆ మాట వచ్చేస్తుంది, అందులో కష్టం లేదు. కష్టం వేరేచోట ఉంది. కథ చెప్పేటప్పుడు పాప మధ్యలో ప్రశ్న అడగలేదు. కడుపు నొప్పిగా ఉంటే ఎలా నొప్పిగా ఉందో చెప్పలేదు. నిన్న తాత ఊరెళ్లిన సంగతి నలుగురికీ వినిపించాలనుకుని, మాటలు చాలక ఊరుకుంటుంది. ఊరుకున్న పిల్లను మంచిపిల్ల అని మెచ్చుకోవడం పెద్దల అలవాటు. ఆ మౌనం ఒకటో తరగతి దాకా సాగితే ఆ పాపకు చదువు రాదనే ముద్ర పడుతుంది. కెనడా విద్యావేత్త జిమ్ కమ్మిన్స్ 1979లోనే చెప్పినట్టు, ఇంటి భాషలో బలపడిన ఆలోచన రెండో భాషకు బదిలీ అవుతుంది. ఇంటి భాష గట్టిగా ఉన్న బిడ్డ తమిళం కూడా త్వరగా, లోతుగా నేర్చుకుంటుంది. పిల్లలకు మొదటి చదువు తల్లిభాషలో ఉండాలని యునెస్కో 1953లోనే సిఫారసు చేసింది.

మొరప్పూర్ పిల్లలకు ఒక సౌలభ్యం కూడా ఉంది. తెలుగు, తమిళం, కన్నడం ఒకే కుటుంబానికి చెందినవి. లెక్క పెట్టడం నేర్పే చోట చూడవచ్చు. తెలుగు పిల్ల ఒకటి, రెండు, మూడు, నాలుగు అంటుంది. వాడుక తమిళంలో ఒణ్ణు, రెండు, మూణు, నాలు. కన్నడంలో ఒందు, ఎరడు, మూరు, నాల్కు. ఆరు మూడు భాషల్లోనూ ఆరే. చింతపిక్కలు ముందు పోసి మూడు భాషల్లో వరసగా లెక్కపెట్టిస్తే, పిల్లలు ఒకరి అంకెలు ఒకరు ఆటలోనే పట్టేస్తారు. అమ్మ, అక్క, మామ లాంటి చుట్టరికాల పేర్లూ అంతే. ఈ దగ్గరితనం లంబాడీ పిల్లకూ, బిహారు నుంచి వచ్చిన కూలీ బిడ్డకూ లేదు. వాళ్ల భాషలు వేరే కుటుంబానివి. కాబట్టి అందరికీ ఒకే సాయం చాలదు. వాళ్లకు మరికొంత ఎక్కువ సమయం, మరికొంత దగ్గరితనం కావాలి.

ఇంటి భాష అనగానే తమిళనాడులో ఒక పాత వివాదం గుర్తుకొస్తుంది. 2006లో చేసిన చట్టం ప్రకారం ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. హోసూరు, బాగలూరు ప్రాంతాల్లోని తెలుగు మాధ్యమం బడులకు అది పెద్ద మార్పు. పదో తరగతి పరీక్షలో మినహాయింపు కోసం భాషా అల్పసంఖ్యాకులు మద్రాసు హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు వెళ్లారు. మరోవైపు 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350ఎ అధికరణం అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో తల్లిభాషలో చదువుకునే సౌకర్యం కల్పించమంటుంది. ఈ రెంటి మధ్య బడి చదువు నలుగుతూనే ఉంది. బాల్వాడికి ఆ చిక్కు లేదు. ఒకటో తరగతికి ముందు కాబట్టి ఆ చట్టం అక్కడికి రాదు. మూడేళ్ల బిడ్డకు లిపి అవసరమే లేదు, పలకా బలపం తొందర అక్కర్లేదు. పాట, కథ, పొడుపుకథ, ఆట చాలు. ఆ కథ పొద్దున తమిళంలో, అదే కథ మధ్యాహ్నం తెలుగులో చెబితే ఏ మాధ్యమానికీ నష్టం లేదు. తెలుగు రాయడం, చదవడం మరిచిపోయిన అమ్మమ్మలు కూడా ఈ పని చక్కగా చేయగలరు. తమిళనాడు తెలుగు కుటుంబాల్లో భాష ఇన్ని వందల ఏళ్లు నిలిచింది నోటి మాటగానే.

తెలుగు సీమలో ఇదే కథ తిరగబడి కనిపిస్తుంది. అక్కడ తెలుగు బడి భాష, గిరిజన బిడ్డకు అర్థం కాని భాష. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004 ప్రాంతంలో సవర, కువి, కొండ, కోయ, గోండి, కొలామి, ఆదివాసీ ఒరియా, బంజారా అనే ఎనిమిది భాషల్లో చిన్న తరగతులకు పుస్తకాలు తయారుచేసి బహుభాషా బోధన మొదలుపెట్టింది. ఆ భాషలను తెలుగు లిపిలోనే రాసి, మెల్లగా తెలుగులోకి నడిపించడం అందులోని ఆలోచన. స్థానిక గిరిజన యువతనే బోధనకు తీసుకున్నారు. మొరప్పూర్ బాల్వాడిలో తెలుగు పిల్లలకు ఏం కావాలని తెలుగువారు కోరుకుంటారో, పాడేరు మన్యంలో కువి పిల్లలకు అదే ఇవ్వవలసిన బాధ్యత తెలుగువారిది.

ఈ పాఠాలన్నీ కలిపి చూస్తే మొరప్పూర్ లాంటి చోట పెట్టుబడి స్వరూపం స్పష్టమవుతుంది. ప్రతి కేంద్రానికీ చదువు కోసమే పూటపని చేసే అదనపు మనిషి ఉండాలి. ఆ మనిషిని అదే వీధి నుంచి, ఆ కేంద్రంలో ఎక్కువమంది పిల్లల ఇంటి భాష, తమిళం రెండూ వచ్చినవారిని తీసుకోవాలి. తెలుగు వీధిలో తెలుగు తెలిసిన అమ్మాయి, తండాలో లంబాడీ అమ్మాయి. పన్నెండో తరగతి చదివి ఊళ్లోనే ఉన్న యువతులు ప్రతిచోటా ఉన్నారు. స్థానిక యువతులకు శిక్షణ ఇచ్చి పెద్ద బాధ్యతలు అప్పగించడం ఈ జిల్లాకు కొత్త కాదు. 1993లో సిత్తిలింగి లోయలో వైద్యులు రెజీ జార్జ్, లలితా రెజీ మొదలుపెట్టిన గిరిజన ఆరోగ్య సంస్థ అక్కడి అమ్మాయిలనే ఆరోగ్య కార్యకర్తలుగా, నర్సులుగా తీర్చిదిద్ది శిశుమరణాలను బాగా తగ్గించింది. వైద్యంలో సాధ్యమైనది ఆటపాటల చదువులో సాధ్యం కాకపోదు.

జీతం విషయం దాటవేయకూడదు. 2018 అక్టోబరు నుంచి కేంద్రం అంగన్‌వాడి కార్యకర్తకు నెలకు 4,500 రూపాయలు, ఆయాకు 2,250 రూపాయల గౌరవ వేతనం నిర్ణయించింది. రాష్ట్రాలు తమ వాటా కలుపుతాయి, తమిళనాడు మరికొంత మెరుగ్గా ఇస్తుంది. అయినా దేశమంతటా ఈ పనిని ఇంకా ఉద్యోగంగా కాక సేవగానే లెక్కిస్తున్నారు. మనిషి మీద ఖర్చుపెట్టడానికి వెనకాడి, గోడల రంగులకూ టీవీ తెరలకూ ముందుగా డబ్బు ఇవ్వడం సరైన వరస కాదు.

తల్లిదండ్రుల మనసు కూడా తెలుసుకోవాలి. కాస్త స్తోమత ఉంటే నాలుగేళ్ల పిల్లను పసుపు వ్యాను ఎక్కించి ప్రైవేటు ఎల్‌కేజీకి పంపుతున్నారు. ఇంగ్లీషు కోసం వాళ్లు పడే ఆరాటం అర్థం చేసుకోదగ్గదే. తమిళనాడు ప్రభుత్వం 2019 జనవరిలో ప్రాథమికోన్నత బడుల ఆవరణల్లోని 2,381 అంగన్‌వాడీలలో ఎల్‌కేజీ, యూకేజీ తరగతులు తెరిచింది. 2022లో అక్కడి టీచర్లను వెనక్కి పంపి తరగతులు ఆపబోతే తల్లిదండ్రుల నుంచి నిరసన వచ్చింది. తాత్కాలిక టీచర్లతో వాటిని కొనసాగించారు. జనం ప్రభుత్వ బాల్వాడిని వదులుకోవాలని అనుకోవడం లేదు, అక్కడ చదువు కూడా కావాలంటున్నారని ఆ అనుభవం చెబుతుంది. వలస వెళ్లే కుటుంబాల అవసరం వేరు. 1969లో మీరా మహాదేవన్ ఢిల్లీలో కట్టడాల దగ్గరే మొబైల్ క్రెష్ నడిపి చూపించారు. బెంగళూరు మేస్త్రీల వెంట వెళ్లే ధర్మపురి పిల్లలకూ, మొరప్పూర్ వైపు వచ్చే ఒడియా పిల్లలకూ అలాంటి ఏర్పాటు తప్పనిసరి. పోషణ్ ట్రాకర్‌లో పిల్ల పేరు ఒక కేంద్రం నుంచి మరో కేంద్రానికి మార్చే వీలుంది. దాంతోపాటు ఇంటి భాష ఏదో కూడా నమోదు చేస్తే కొత్త చోట టీచరుకు మొదటి రోజునే దారి దొరుకుతుంది.

చట్టం సంగతికొస్తే, 2002లో 86వ సవరణతో మార్చిన రాజ్యాంగంలోని 45వ అధికరణం ఆరేళ్లు నిండే వరకు పిల్లలందరి సంరక్షణకూ చదువుకూ రాజ్యం పాటుపడాలంటుంది. కానీ ఉచిత నిర్బంధ విద్య హక్కు ఆరేళ్ల వయసు నుంచే మొదలవుతుంది. 2009 విద్యాహక్కు చట్టంలోని 11వ సెక్షను ఈ చిన్న వయసు చదువును ప్రభుత్వాలు ఏర్పాటు చేయవచ్చు అని మాత్రమే అంటుంది. 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశగా లెక్కించి, వీలైనంతవరకు ఇంటి భాషలో నేర్పమంది. తమిళనాడు 2022లో మొదలుపెట్టిన ఎణ్ణుం ఎళుత్తుం కార్యక్రమం ఒకటి నుంచి మూడు తరగతుల పిల్లలకు అక్షరం, అంకె నేర్పడానికి పూనుకుంది. బాల్వాడి నుంచి ఒకటో తరగతికి వచ్చే ప్రతి పిల్ల గురించి ఏ భాషలో మాట్లాడుతుందో, ఏ కథలు తెలుసో, ఎంతదాకా లెక్కపెట్టగలదో ఒక చిన్న కాగితం మీద రాసి ఆ తరగతి టీచరుకు అందిస్తే, అక్కడి పాఠం ఆ పిల్ల నిలబడిన చోటి నుంచే మొదలవుతుంది. దానికి అదనంగా కావలసిన ఖర్చు దాదాపు లేదు.